గృహారామచరిత్రము: పాదును పచ్చికయు

ఇంటిచుట్టును జెట్లు పెంచుట యెంత ప్రాచీనమో, ఆ చెట్లను గూర్చిన మాటలును మన నిఘంటువులలో నంత ప్రాచీనములు. అమరసింహుఁడు వనౌషధివర్గారంభమునఁ దోఁటల భేదములను జెప్పుచు ఇంటితోఁటకు నిష్కుటమనియు, మంత్రులయొక్కయు వేశ్యలయొక్కయు గృహములయందలి తోఁటకు వృక్షవాటిక యనియు, రాజుగారి సాధారణవనమునకు ఆక్రీడమనియు ఉద్యానమనియు, అంతఃపురస్త్రీలు విహరించుదానికిఁ బ్రమదవనమనియు వేఱువేఱు పేళ్లు చెప్పెను. తోఁట యనునది యొక్కటియే యయినను, అది యెవరి యింటిదో దానినిబట్టి పేరు మాఱుచుండెనన్నమాట.

ఆ కోశమునందే వారివర్గములోఁ జెట్టుమొదట నీరు నిలుచుటకై చేయు పల్లమునకు ఆలవాలము, ఆవాలము, ఆవాపము అను మూఁడు పేళ్లున్నవి. దానినే మనము పాదందుము. భూమివర్గములో లేఁతకసవుతో నిండి పచ్చగానుండు నేలకు శాద్వలమను పేరు గలదు. ఆలవాలము, శాద్వలము అను నీ రెండు మాటలును ఈ వ్యాసమునకుఁ బట్టుగొమ్మలు.

నేఁడు పట్టణములలో నిండ్లు కట్టుకొనువారు ముంగిటఁ బచ్చిక పఱపించి, దాని నడుమ నొకటిరెండు చెట్లు నాటించుట గౌరవచిహ్నముగా నెంచుచున్నారు. ఇట్టి పచ్చికపఱపు మన పూర్వుల గృహారామములందును నుండెనా? చెట్టునకును బచ్చికకును ఒక్కచోటఁ బొత్తు కుదురునా? పూర్వులు వ్రాసిన వృక్షసంరక్షణవిధులలో నమ్మఁదగినదెంత, త్రోసివేయఁదగినదెంత? ఈ మూఁడు ప్రశ్నలకును యథామతి సమాధానము వెదకుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదటి ప్రశ్న. శాద్వలశబ్దము కావ్యములలోఁ దఱుచుగాఁ గానవచ్చుచుండుటనుబట్టి, నేఁటి పచ్చికపఱపు మనకుఁ బ్రాచీనమే యని వాదింపవచ్చును. శబ్దము ప్రాచీనమనుట నిస్సందేహము. పాణిని శాదశబ్దముపైఁ బ్రత్యేకముగా డ్వలచ్ప్రత్యయమును విధించి శాద్వలరూపమును సాధించెను. శాదమనఁగా లేఁతకసవు, అది గల ప్రదేశము శాద్వలము. కాని యిచటఁ జూడవలసినది యొకటి గలదు. ఈ వ్యుత్పత్తిలోఁ గసవు ‘ఉన్నది’ యను నర్థమే గాని, కసవును ‘పెంచిరి’ యనిగాని ‘కత్తిరించి సమముచేసిరి’ యనిగాని యర్థము లేదు. వానకాలమున నేటిగట్టునను, అడవి నడుమను దానంతటఁదాను మొలచిన పచ్చికయే శాద్వలము. లేళ్లు మేయుటకును, బాటసారులు విశ్రమించుటకును వర్ణింపఁబడునది యట్టిదే. నిఘంటువులో మాట యుండుటచేత వస్తువు ఇంటియందుండెనని చెప్పరాదు. అట్లే, గృహారామప్రకరణమున మాట లేనంతమాత్రాన వస్తువే లేదనియు నిశ్చయింపరాదు. కావున గృహారామమును బ్రత్యక్షముగా వర్ణించిన గ్రంథమును జూడవలెను.

అట్టి గ్రంథములలో వాత్స్యాయనుని కామసూత్రము ముఖ్యమైనది. దాని పేరు విని పాఠశాలాపండితులు సంకోచింతురుగాని, భార్యాధికారికమను భాగములోని మొదటి యధ్యాయము కేవలము గృహనిర్వహణవిషయకము. అందు గృహిణి శుభ్రముచేసిన నేలలో నాకుకూరమళ్లను, చెఱకుగుంపులను, జీలకఱ్ఱ, ఆవాలు, వాము, సదాప మొదలగువాని తావులను వేయింపవలెననియు, మల్లె, జాజి, గోరంట, నందివర్ధనము, దాసాని మొదలగు పూఁబొదలను బెంచవలెననియు, వట్టివేళ్లు నాటింపవలెననియు, చెట్లతోఁటలో మనోహరములైన తిన్నెలు కట్టింపవలెననియు, నడుమ నూతినిగాని బావినిగాని కొలనునుగాని త్రవ్వింపవలెననియు జెప్పఁబడినది. ముల్లంగి, దోస, వంగ, గుమ్మడి, సొర మొదలగువాని విత్తనములను గాలమునఁ గూర్చుకొని కాలమున విత్తుటయు నామె ధర్మములలోఁ జేర్పఁబడినది. నాగరకుని గృహమును వర్ణించుచోటఁ జెట్లనీడలో నుయ్యెలయు, పూవులు చల్లిన తిన్నెయుఁ జెప్పఁబడినవి. ఇంత వివరముగాఁ జెప్పినవాఁడు గృహారామమునఁ గూర్చుండుటకుఁ దిన్నెను జెప్పెనుగాని పచ్చికను జెప్పలేదు. ఆ తోఁటలోఁ బ్రతి మడియు నింటికిఁ గూరయో, పూవో, మందో యిచ్చునదియే. ఆ తోఁటకు నధికారిణి గృహిణి యనుటయు గమనింపఁదగినది. మన పెరడు నేఁటికిని నట్టిదే కదా!

రెండవ యాధారము వరాహమిహిరుని బృహత్సంహిత. ఆఱవ శతాబ్దినాఁటి యీ గ్రంథములో నధ్యాయముల వరుస యెంతయు రమ్యమైనది. గృహనిర్మాణమును జెప్పు వాస్తువిద్య మొదటిది, భూగర్భజలమును గనుఁగొను దకార్గళము రెండవది, వృక్షాయుర్వేదము మూఁడవది, దేవాలయలక్షణము నాల్గవది. ఇల్లు, నీరు, చెట్టు, గుడి యను నీ వరుసయే యొక సిద్ధాంతము. ఇల్లు కట్టినవాఁడు నీటిని వెదకవలెను. నీరు దొరకినపిమ్మటఁ జెట్టు నాటవలెను. చెట్టును నీరును గలచోట దేవత వసించును. నీటి యెఱుక లేక చెట్టు నాటుట యాచార్యునకు సమ్మతము కాదని యీ క్రమమునుబట్టియే యూహింపవచ్చును.

ఆ వృక్షాయుర్వేదాధ్యాయమునందలి విషయమును సంగ్రహించెదను. మెత్తని నేల సమస్తవృక్షములకును హితమైనది. అందు మొదట నువ్వులు చల్లి, అవి పూచినప్పుడు ఆ నేలలోనే మర్దింపవలెను. ఇండ్లయందును దోఁటలయందును మొదట నాటవలసినవి అరిష్టము, అశోకము, పున్నాగము, శిరీషము, ప్రియంగువు. ఇందు అరిష్టశబ్దము వేఁపకును గుంకుడునకును గూడఁ జెల్లును గావున నిచ్చట వృక్షనిర్ణయము విచార్యము. పనస, అరఁటి, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలము మొదలగువానిని గొమ్మలకుఁ బేఁడ పూసి నాటవచ్చును. లేక వేఱొక చెట్టు మొదటనో బోదెమీఁదనో యంటుకట్టవచ్చును. కొమ్మలు రాని మొక్కలను శిశిరమునను, కొమ్మలు వచ్చినవానిని హేమంతమునను, పెద్దకొమ్మలు గలవానిని వర్షర్తువునను స్థానము మార్పవలెను. నాటినవానికి వేసవిలో సాయంప్రాతఃకాలములందును, చలికాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల యెండినప్పుడును నీరు పోయవలెను. చెట్టునకును జెట్టునకును నిరువదిమూరల యెడము ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు అధమము. దగ్గఱగానున్న చెట్లు ఒండొంటిని దాఁకుచు, వేళ్లు పెనఁగొని పీడింపఁబడి చక్కఁగా ఫలింపవు.

ఈ విధులను నేఁటి వ్యవసాయశాస్త్రముతోఁ బోల్చిచూతము. నువ్వులు పూఁతదశలో నేలఁ గలుపుట పచ్చిరొట్ట యెరువు తప్ప వేఱుగాదు. పూఁతవేళఁ గాండము లేఁతగానుండి శీఘ్రముగాఁ గుళ్లును గావున నా దశయే యుచితమని నేఁటివారును జెప్పుదురు. మూర యడుగున్నర యనుకొన్నచో నిరువదిమూరలు 30 అడుగులగును. మామిడితోఁటలలో వాడుకగా వచ్చిన పదిమీటర్ల యెడము 33 అడుగులు. పదునాలుగు వందల యేండ్ల దూరమున నీ రెండు లెక్కలకు నడుమ మూఁడడుగుల భేదము మాత్రమే కలదు. వేసవి మధ్యాహ్నమును విడిచి యుదయసాయంకాలములఁ దడుపుమనుటయు, వానకాలమున నేలను జూచి తడుపుమనుటయు ననుభవజ్ఞుని మాటలు. నియమమును గాలమునకుఁ గట్టక నేలకుఁ గట్టుట యిందలి విశేషము.

చికిత్సాభాగమున నింత నిశ్శంకగాఁ జెప్పుటకు వీలులేదు. చలి, గాలి, యెండ యను వానివలనఁ జెట్లకు రోగము కలుగుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్లు వృద్ధిపొందకుండుట, కొమ్మలెండుట, రసము కాఱుట దాని లక్షణములనియు వరాహమిహిరుఁడు చెప్పెను. చెడినభాగమును శస్త్రముతో శోధించి, వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయుట చికిత్స. ఇందు లక్షణవివేచనము చక్కనిది. చెడిన కొమ్మను దీసివేయుటయు సరియైనదే. గాయమునకుఁ బూఁత పూయుట మాత్రము వివాదాస్పదము. ఐరోపాలో 1885 వ సంవత్సరమున మిల్లార్డే మైలుతుత్తము సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును బ్రకటించినపిమ్మట, దానిని ముద్దగాఁ జేసి గాయములకుఁ బూయుట తోఁటలలో వాడుక యైనది. కాని అమెరికాలో అలెక్స్ షైగో యనునతఁడు వేలకొలఁది మ్రాఁకులను నిలువునఁ గోసి పరిశీలించి, చెట్టు మనుష్యునివలె గాయమును మాన్పుకొనదనియు, చెడినభాగముచుట్టును లోపలఁ బ్రాకారమువంటి పొరలను గట్టి దానిని వెలివేయుననియు 1977 వ సంవత్సరమున వివరించెను. పూఁతలు లోపలి కుళ్లును మాన్పవని యాతని నిర్ణయము. కావునఁ గొమ్మను నఱకునపుడు బోదెతోఁ జేరు నుబ్బెత్తు కంఠమును జెడఁగొట్టక, దాని వెలుపలనే కోయుట ముఖ్యము గాని పూఁత ముఖ్యముగాదు. ఇచటఁ బూర్వాచార్యుని మాటను యథాతథముగా నంగీకరింపలేము.

వృక్షాయుర్వేదవాఙ్మయము బృహత్సంహితతో ముగియలేదు. అగ్నిపురాణమునందు దాని సంగ్రహము గలదు. కల్యాణిచాళుక్యరాజైన మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున వనవిహారములప్రసంగమునఁ దోఁటల విషయము వచ్చినది. 1363 వ సంవత్సరపు శార్ఙ్గధరపద్ధతిలో నుపవనవినోదమను ప్రకరణమున్నది. దానిని గిరిజాప్రసన్న మజుందారు 1935 వ సంవత్సరమునఁ గలకత్తాలోఁ బ్రత్యేకముగాఁ బ్రకటించెను. వీనియన్నిటిలో విస్తృతమైనది సురపాలుని వృక్షాయుర్వేదము. దీని వ్రాఁతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నుండఁగా, శ్రీమతి నళినీ సాధలే దాని నాంగ్లమున ననువదింప, సికింద్రాబాదులోని ఆసియా వ్యవసాయచరిత్రసంస్థ 1996 వ సంవత్సరమునఁ బ్రకటించెను. సుమారు వేయేండ్లనాఁటి యీ గ్రంథము తెలుఁగునేలమీఁదనే యచ్చుపడి లోకమునకుఁ దెలియవచ్చుట మనకు సంతోషకారణము.

సురపాలుఁడు మనుష్యులకువలెఁ జెట్లకును వాతపిత్తకఫములవలన రోగములు కలుగునని చెప్పి వేఱువేఱు చికిత్సలను విధించెను. కుణపజలమను ద్రవమాతని గ్రంథమునఁ బ్రధానమైనది. కుణపమనఁగా శవము. జంతువుల మాంసము, మజ్జ, వస మొదలగువానిని నీటనుడికించి, తెలకపిండి, తేనె, మినుములు మొదలగువానితోఁ గలిపి కుండలో మురుగఁబెట్టి పాదునఁ బోయుట దీని పద్ధతి. వరాహమిహిరుఁడును మేకపెంట, గొఱ్ఱెపెంట, నువ్వులు, పేలపిండి, మాంసము నీటిలో నేడురాత్రులు నిలువయుంచి పోయుమనెను. త్రిదోషసిద్ధాంతము చెట్లకుఁ జెల్లదు. వానికి రక్తప్రసారమును లేదు, జఠరమును లేదు. కాని మురిగిన జంతుపదార్థమునుండి నత్రజని శీఘ్రముగా వేళ్లకందునను సత్యము ఈ విధిలో నున్నది. సిద్ధాంతము తప్పైనను బ్రయోగమొప్పు కావచ్చునని చెప్పుటకిది మంచి యుదాహరణము. దీనికి వ్యతిరిక్తమైన యుదాహరణము దోహదము. సుందరి పాదతాడనమున నశోకము పూచుననుట కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున రసవంతమైన ఘట్టమునకుఁ గారణమైనది. దానిని దోఁటమాలి పనిగాఁ దలఁపరాదు. కవిసమయమును గృషివిధిని నొక్కగాటఁ గట్టుటవలన శాస్త్రమునకుఁ గీడు కలుగును. శాస్త్రమునంతయుఁ గవిసమయమని త్రోసివేయుటవలనను గీడే కలుగును.

ఇంటిదగ్గఱి చెట్లవిషయమై వాస్తువిద్యలో నిషేధములు గలవు. ముండ్లచెట్లు శత్రుభయమును, పాలుగల చెట్లు ధననాశమును, పండ్లచెట్లు సంతాననాశమును గలిగించునని వరాహమిహిరుని మాట. కాని యా వెంటనే, వానిని నఱుకనిచో నడుమఁ బున్నాగము, అశోకము, పొగడ, పనస, జమ్మి మొదలగువానిని నాటిన దోషము పోవునని చెప్పెను. పనస పండ్లచెట్టే కదా! కాఁబట్టి యీ నిషేధము ‘ఆసన్నత’ను గూర్చినదే కాని జాతిని గూర్చినది కాదని నా యభిప్రాయము. జువ్వి, మఱ్ఱి, మేడి, రావి యను నాల్గింటినిఁ గూడ నాతఁడు వెలివేయలేదు. జువ్వి యుత్తరమునను, మఱ్ఱి తూర్పునను, మేడి దక్షిణమునను, రావి పడమటను బ్రశస్తములని దిక్కులు చెప్పెను. ఈ జాతి వేళ్లు గోడల సందులఁ జొచ్చి బీఁటలు వాఱించుట యందఱు నెఱిఁగినదే. ధననాశమను ఫలశ్రుతికి నింతకన్న దగ్గఱి కారణము వెదకఁ బనిలేదు.

ఇఁక మన దేశమును జూతము. తెలుఁగున బాదునకుఁ గుదురను పేరు గూడఁ గలదు. పాదుకొనుట యనఁగా వేరూనుట, స్థిరపడుట, కుదురుకొనుటయు నదియే. నిలుకడను జెప్పుటకుఁ దెలుఁగువాఁడు చెట్టు మొదలిపల్లమునే యాశ్రయించెను. ఇంటిలోని నీరు వ్యర్థముగాఁ బోనీక, నూతిగట్టునీటిని నరఁటిపాదునకును, బియ్యము కడిగిననీటిని గరివేఁపపాదునకును మరలించుట మన పెరటిధర్మము. ముంగిట నేలను జిమ్మి కలాపిచల్లి ముగ్గువేయుటయే గాని, పచ్చిక పెంచుట వాడుకగాదు. గడ్డి మొలచిన వాకిలి పాడుపడిన యింటికి గుఱుతు. ఐనను మనవారు గరికను ద్వేషింపలేదు. వినాయకునకు సమర్పించు నేకవింశతిపత్రములలో దూర్వ యొకటి. కణుపుకణుపునను వేరూని వ్యాపించు దాని స్వభావమును వేదమే వంశవృద్ధికి సంకేతముగాఁ గొనియాడినది. పొలములో నది కలుపు, పూజలో నది పవిత్రము. ఇంటిముంగిట మాత్రము దానికిఁ దావులేదు.

విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయలకాలమున (1509–1529) ఆ నగరములో నిండ్లతోఁటలయందుఁ జెట్లగుంపులును, నగరమధ్యమునఁ బాఱు నీటికాలువలును, అక్కడక్కడఁ జెఱువులును నుండెనని వ్రాసెను. ఆ రాయలు రచించిన ఆముక్తమాల్యదకు నాయిక యైన గోదాదేవి విష్ణుచిత్తునకుఁ దులసివనములో దొరకిన శిశువు. ప్రబంధకథ తోఁటపనివాని దొడ్డిలోనే మొలకెత్తినదనుట యతిశయోక్తి కాదు. గోలకొండరాజ్యమున హైదరాబాదును జూచిన ఫ్రెంచివర్తకుఁడు టావెర్నియే, అచటి రాజగృహపు మేడలపైఁ దోఁటలుండెననియు, అందలి వృక్షముల భారమును గ్రింది కమానులెట్లు మోయుచున్నవో యని యచ్చెరువందితిననియు వ్రాసెను. ఈ యిద్దఱి వర్ణనలలోను గొనియాడఁబడినవి చెట్లును నీరునే.

పచ్చికపఱపు ఇంగ్లాండునుండి వచ్చిన వాడుక. ఆ ద్వీపమున నేఁడాది పొడుగునను జల్లదనమును జిఱుజల్లులును గలవు. అచటఁ బచ్చిక పెంచకయే పెరుగును, దానిని గోయుటయే పని. పదునేడవ శతాబ్దినుండి ధనికులు తమ భవనములముందఱ సేద్యమునకు వాడని భూమిని గొడవండ్రచేఁ గోయించియు, గొఱ్ఱెలచే మేపించియు సమముగా నుంచుచు దానిని వైభవచిహ్నముగాఁ జూపిరి. 1830 వ సంవత్సరమున ఎడ్విన్ బడ్డింగ్ అను శిల్పి, బట్టలపై నూఁగును గత్తిరించు యంత్రమును జూచి, పచ్చికను గత్తిరించు యంత్రమును గల్పించెను. ఆ తరువాత నది మధ్యతరగతి యింటికిని దిగినది. హిందూదేశమునకు వచ్చిన దొరలు తమ బంగళాలచుట్టును దానినే కోరిరి. ఇచటి యెండకు వారి దేశపు గడ్డి నిలువలేదు; నిలిచినది మన గరికయే. గరికను ముక్కలుగాఁ ద్రుంచి, పేఁడతోను మట్టితోను గలిపి, నేలపై నలికినట్లు పూసి తడుపుట మనదేశపు తోఁటమాలులు పచ్చికకై వాడు పద్ధతి. వాకిలి యలికిన చేయియే పచ్చికను గూడ నలికినది! తాజమహలు ముందఱి తోఁట మొదటఁ బండ్లచెట్లును బూలచెట్లును గల మొగలుతోఁట. కర్జను ప్రభువు రాజప్రతినిధిగానున్న కాలమున (1899–1905) దానిని సవరించినప్పుడు విశాలమైన పచ్చికపఱపులకుఁ బ్రాధాన్యమిచ్చిరి. నేఁటి సందర్శకులు దానినే ప్రాచీనమనుకొనుచున్నారు.

దొరతనమువారి దినములలోఁ జెట్లకు మేలు జరుగలేదని చెప్పుట న్యాయముగాదు. విలియము రాక్స్‌బరో 1793 వ సంవత్సరమునఁ గలకత్తా తోఁటకు అధ్యక్షుఁడై పోవుటకు ముందు మన సామర్లకోటలోఁ దోఁటను బెంచి, కోరమండలతీరపు మొక్కలను బరిశీలించి, వానిపేళ్లను దెలుఁగువారి నోట విన్నవిన్నట్లు వ్రాసికొనెను. సోమిదచెట్టు పేరు శాస్త్రనామమునను సోయ్మిడాగా నిలిచియుండుట దానికి ఫలము. 1835 వ సంవత్సరమున మద్రాసులో వ్యవసాయోద్యానసంఘము వెలసినది. చెట్టును దెచ్చి నాటించినవారును వారే, ముంగిటఁ బచ్చికను బఱపించినవారును వారే.

ఇచట రెండవ ప్రశ్న వచ్చుచున్నది. చెట్టును బచ్చికయు నొక్కచోటఁ బొందునా? గరిక పూర్తి యెండను గోరునది. నీడలోఁ బలుచఁబడి చచ్చును. చెట్టు పెరిగినకొలఁది నీడ పెరుగును. కావున వీనిలో నొకదాని యభివృద్ధి యింకొకదాని క్షయము. నీటివిషయమునను విరోధమే. పచ్చికవేళ్లు పైపొరలోనుండును గావున దానికి దినదినమును గొంచెముగాఁ దడుపుదురు. ఆ తడి లోతునకు దిగదు. అట్టి నీటికి మరగిన చెట్టు తన వేళ్లను బైపొరలోనే పఱచుకొనును. చెట్టునకుఁ గావలసినది లోతుగాఁ దడిపి, పిమ్మట నేల యాఱనిచ్చుట. నీరు పీల్చు సన్ననివేళ్లు బోదెమొదట నుండక, కొమ్మలనీడ యంచువఱకును నంతకు వెలుపలను వ్యాపించియుండును గావునఁ బాదు కూడఁ జెట్టుతోఁ బాటు వెడల్పు కావలయును. లేఁతమొక్కమొదట గరిక యల్లుకొన్నచో నీటిని, యెరువును ముందుగా నదియే హరించును. పచ్చిక కోయు యంత్రము బోదెకుఁ దగిలి బెరడు చుట్టును లేచిపోయినచో, ఆకులలోఁ దయారైన యాహారము వేళ్లకు దిగు త్రోవ తెగి, చెట్టు క్రమముగాఁ జచ్చును. వేళ్లు పెనఁగొనుటవలనఁ జెట్లకుఁ గలుగు పీడను గూర్చి వరాహమిహిరుఁడు చెప్పిన మాట గరికవేళ్లకును జెల్లును.

కావునఁ జెట్టునకుఁ బాదు, పచ్చికకు బయలు అను విభాగము శాస్త్రసమ్మతము. ఎండ తగులు వెలిపట్టునఁ గొంత గరిక యున్నఁ దప్పులేదు. అది వాననీటికి మన్ను కొట్టుకొనిపోకుండ నాఁపును, ధూళి నణఁచును. చెట్టుక్రింద మాత్రము గడ్డి తీసి, వెడల్పయిన పాదుచేసి, ఆ చెట్టు రాల్చిన యాకులనే యందుఁ బఱపవలెను. బోదెకుఁ దగులకుండ జానెడు విడువవలెను. రాలిన యాకును గాల్చుట చెట్టు నోటికూడు లాగికొనుటయే. బోదెచుట్టును మట్టిగుట్టలు పోయరాదు, బెరడు కుళ్లును.

నేఁటి యాపద పచ్చికతోను నిలువలేదు. పట్టణములలోఁ బచ్చికకును దావులేక, బోదెను దాఁకునట్లు సిమెంటు పోయుచున్నారు. శబ్దము మాత్రము మిగిలి పాదు పోయినది. 2014 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదిన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దాఁకినప్పుడు లెక్కకు మిక్కిలిగాఁ జెట్లు కూలినవి. అంతటి గాలికి దృఢమైన చెట్లును గూలుననుట నిజమే. కాని వేళ్లు పాఱుటకుఁ జోటులేక సిమెంటునడుమ బంధింపఁబడిన చెట్టు అంతకుఁ దక్కువ గాలికే యొరగునని చెప్పుటకుఁ బాండిత్య మక్కఱలేదు. 1950 వ సంవత్సరమున మునిషీగారు వనమహోత్సవమును బ్రారంభించిరి. 2002 వ సంవత్సరమున నాంధ్రప్రదేశమున జల, భూమి, వృక్ష సంరక్షణచట్టము వచ్చినది. 2015 వ సంవత్సరమునఁ దెలంగాణమున హరితహారము మొదలైనది. ఈ చట్టముపేరిట నీరు, నేల, చెట్టు ఒక్కవరుసను నిలుచుట వరాహమిహిరుని యధ్యాయక్రమమును జ్ఞప్తికిఁ దెచ్చుచున్నది. కాని నాటుటకుఁ గల యుత్సవము పెంచుటకు లేదు. మొక్క నాటుట యొకనాఁటి పని. పాదు త్రవ్వుట యేఁటేఁటి పని.

పెరటిచెట్టు మందునకుఁ బనికిరాదని మనలో సామెత. దగ్గఱనున్నదాని విలువ కానరాదని దాని భావము. మన వృక్షశాస్త్రమునకును నదే గతి పట్టినది. సురపాలుని గ్రంథమైనను వ్రాఁతప్రతిగా విదేశమున నిలిచి మరల మనలను జేరినది. ఏ చెట్టునకు నే మాసమునఁ బాదు త్రవ్వవలెనో, ఏ మన్ను దేనికి సరిపడునో, ఏ కొమ్మ యంటునకుఁ గుదురునో యను మన పల్లెటూళ్ల వృద్ధుల యెఱుక తాటాకునకైన నెక్కలేదు. అది వారితోడనే యంతరించును. పాఠశాలాపండితులు తమ విద్యార్థులచే నిట్టి మాటలను సేకరింపించి, ఏ సీమలో నే పదము వాడుకయో గుర్తించి, పాఠశాల యావరణలోని చెట్లమీఁదనే వానిని బరీక్షించి, ఒప్పు నొప్పుగను దప్పును దప్పుగను వ్రాసియుంచినచో భాషకును నేలకును నొక్కమాఱే యుపకారము చేసినవారగుదురు. ఈ వ్యాసమునందు నిషేధవాక్యముల యర్థమును గూర్చియు, అరిష్టశబ్దమును గూర్చియు నేను సూచించినవానిని విజ్ఞులు పరిశీలించి, దోషములున్న సవరింతురుగాక.